రెండు తుమ్ములు

ఈవలి గట్టు, ఫోటో స్టూడియో మేడ మీద నుంచి
ఫిబ్రవరి, బుధవారం

ఒరేయ్ చిట్టీ,

మేజర్ గారిని "ఒరేయ్" అనొచ్చా అని మా స్టూడియో యజమాని అడిగాడు. పాలపళ్ళు ఊడినప్పుడు నా ఒళ్ళో కూర్చుని ఊరంతా వినబడేలా ఏడ్చినవాణ్ణి ఏమనాలో నాకు తెలుసులెండి అన్నాను.

నాలుగు నెలల తర్వాత మళ్ళీ ఉత్తరాలు. ఇకనుంచి ప్రతి గురువారం మధ్యాహ్నం ఒక గంట కాల్పులు ఆపి, తెల్లజెండాలు పట్టుకుని, నువ్వు కాపలా కాసే ఆ వంతెన మధ్యలోనే సంచులు మార్చుకుంటారట. ఒక్క పేజీ దాటకూడదు. ఇక్కడ మావాళ్ళు చదువుతారు, అక్కడ మీవాళ్ళు చదువుతారు. ఇంతమంది చదివాక నీకు చదవడానికి ఏమన్నా మిగులుతుందో లేదో! "మావాళ్ళు" అని రాసేశాను చూడు. ఈ పాత సర్కారు నాకేమన్నా మేనమామా? నువ్వు విప్లవంలో కలిసి నది దాటావు, అమ్మా నేనూ ఈ గట్టున ఉండిపోయాం. అంతకు మించి నాకేం తెలియదు.

నా పని మామూలే. నెగెటివ్ మీద సన్న పెన్సిలుతో జనం మొహాల్లో మచ్చలూ ముడతలూ చెరిపెయ్యడం. ఇప్పుడు అందరికీ గుర్తింపు కార్డులు కావాలన్నారు. మచ్చ తీసేస్తే గేటు దగ్గర సిపాయి "ఇది నువ్వు కాదు" అంటున్నాడు. ఉంచితే "ఇది నా మొహమేనా" అని వీళ్ళు నా మీద పడుతున్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అమ్మ బాగుంది. నిజంగానే బాగుంది. నిన్న మెట్లమీద పక్కింటావిడతో గంటసేపు పోట్లాడింది, నెగ్గింది కూడా.

అక్క


ఆవలి గట్టు, వంతెన కాపలా గది
ఫిబ్రవరి, తరువాతి బుధవారం

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "నిజంగానే బాగుంది" దగ్గర ఆగిపోయాను. మన ఇంట్లో ఆ మాటకి విలువెంతో నీకు తెలియదా? నేను శిక్షణలో ఉండగా అమ్మ ఏమని రాసింది? "నాన్నకి కాస్త నలతగా ఉంది, పరీక్షలయ్యాక తీరిగ్గా రా." తీరిగ్గానే వచ్చాను. గోడ మీద ఫోటో ఉంది, నాన్న లేడు. ఆ ఫోటోలో నుదుటి ముడతలు కూడా నువ్వే తీసేశావు. పెద్దమ్మకి "కొంచెం నీరసం" అని రాసేనాటికి ఆవిడ పోయి పది రోజులు. ఎందుకిలా చేస్తారమ్మా అని అరిస్తే, "కాగితం మీద ఏడుపు పెట్టకూడదురా, దూరాన ఉన్నవాడు ఒక్కడే కూర్చుని చదువుకుంటాడు" అంది.

అందుకని అడుగుతున్నాను. మీ వైపు విషజ్వరాలు పాకుతున్నాయని ఇక్కడ చెప్పుకుంటున్నారు. అమ్మ ఎలా ఉందో సరిగ్గా రాయి.

నా దగ్గర ముప్పై ఒక్కమంది ఉన్నారు. వంట చేసే పెద్దాయన నన్ను "మేజర్ బాబూ" అంటాడు, నేను తినేదాకా గిన్నె తియ్యడు. విప్లవ కమిటీ తరఫున ఒక మాస్టారు రోజూ వస్తాడు. పూర్వం బడిలో లెక్కలు చెప్పేవాడట, ఇప్పుడు మమ్మల్ని దిద్దుతున్నాడు. మొన్న సోమవారం
[ఇక్కడ రెండు లైన్ల మీద నల్లసిరా పూసి ఉంది]
మనది న్యాయమేనని నాకు తెలుసు. అది మాత్రం తెలుసు.

చిట్టి


ఈవలి గట్టు, స్టూడియో నుంచే
మార్చి, బుధవారం

చిట్టీ,

సరిగ్గా రాయమన్నావు కాబట్టి సరిగ్గా రాస్తున్నాను. అమ్మకి కొంచెం జలుబు చేసింది. నిన్న పొద్దున రెండు తుమ్ములు తుమ్మింది. ఇంకేం లేదు. కంగారు పడకు. నిన్ను తలుచుకుంటోంది.

ఇవాళ ఇంతకంటే రాయలేను. స్టూడియోలో ఒకాయన నా ఎదురుగానే కూర్చుని ఉన్నారు.

అక్క


వంతెన దగ్గర నుంచి
గురువారం, సంచి తిరిగి వెళ్ళేలోపు

అక్కా,

అర్థమైంది. ఇంకేమీ రాయకు. వచ్చే గురువారం దాకా అమ్మని చూసుకో. ఎలాగైనా సరే, చూసుకో.

చిట్టి


స్టూడియో మేడ
మార్చి నెలాఖరు

చిట్టీ,

ఈ ఉత్తరం నువ్వున్న బ్యారక్‌కి మనిషి చేత పంపుతున్నాను. ఇప్పుడు ఇద్దరం ఒకే గట్టున ఉన్నాంగా, తెల్లజెండాతో పని లేదు.

ఏం జరిగిందిరా? నాకు తల తిరిగిపోతోంది. గురువారం మధ్యాహ్నం కాల్పులు ఆపిన గంటలో, సంచి మోసుకెళ్ళినవాళ్ళ వెనకే పాత సర్కారు సైన్యం వంతెన దాటేసిందని వీధంతా కేకలు. వంతెన గేటు తాళం తీసే ఉందట. మీవాళ్ళు తుపాకులు గదిలో పెట్టి భోజనాలకి కూర్చున్నారట. మేజరే కూర్చోమన్నాడట. నేను నమ్మలేదు. మా తమ్ముడు అన్నం గిన్నె దగ్గర తన్నించుకునేంత చవట కాదు, తన్నించేంత వెధవ అంతకన్నా కాదు అన్నాను.

ఇంతలో నువ్వే వచ్చావు, ఒళ్ళంతా దుమ్ముతో. తలుపు తీసింది అమ్మ, చేతిలో చీపురుతో. "బూట్లు బయట విప్పు" అంది. ఏడాదిన్నర తర్వాత కొడుకుని చూసి ఆవిడ అన్న మొదటి మాట అది. నువ్వు అమ్మని కిందనుంచి పైదాకా చూసి, "నీకు జలుబు కదా?" అన్నావు. "ఎప్పుడో తగ్గిందిరా" అంది. నువ్వు నవ్వావు. మెట్ల మీద కూలబడి నవ్వి నవ్వి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయావు.

నీకు సెలవు దొరికిందని అమ్మ అనుకుంటోంది. పక్కింటావిడ నాతో మాటలు మానేసింది. ఎదురింటివాళ్ళు మాత్రం ఎన్నడూ లేనిది "బాగున్నావా తల్లీ" అంటున్నారు. వీళ్ళలో ఎవరు మనవాళ్ళో నాకు అంతు పట్టడం లేదు. పైగా పాత సర్కారు మీసాల కల్నల్ ఒకడు స్టూడియోకొచ్చి "మీ ఉత్తరం బాగా పనిచేసిందమ్మా" అని చేతులు జోడించాడు. నేనేం రాశానని? నీ ఫోటో పెద్దది చేసి నాలుగు రోడ్ల కూడలిలో పెడతారట, కంటి కింద నలుపు తీసెయ్యమన్నాడు. పెన్సిలు పట్టుకున్నాను, మళ్ళీ డబ్బాలో పెట్టేశాను.

నాకు చెప్పు. నువ్వు చేశావా, నీ చేత చేయించారా?

అక్క


బ్యారక్, పై అంతస్తు గది
ఏప్రిల్

అక్కా,

నేనే చేశాను.

నీ ఉత్తరం వచ్చిన సంచిలోనే కల్నల్ చీటీ కూడా నా పేరున వచ్చింది. సంచి నా బల్ల మీదే విప్పుతారు కాబట్టి మాస్టారి కంటే ముందు నా చేతికే దొరికింది. "మీ అమ్మగారు కొన ఊపిరితో ఉన్నారు. వచ్చే గురువారం గంటసేపు గేటు తెరిచి ఉంచితే ఇంటిదాకా దారి ఇస్తాను. సరే అయితే సంచి తెచ్చిన మా తెల్లజెండా సిపాయికి తలూపండి" అని. చింపేశాను. శత్రువు ఇంకేం రాస్తాడు, ఇంత పాత ఎత్తుకి పడతానా అనుకున్నాను. తర్వాత నీ ఉత్తరం విప్పాను. "కొంచెం జలుబు. కంగారు పడకు. నిన్ను తలుచుకుంటోంది." ఎదురుగా ఎవరో కూర్చుని ఉన్నారు కూడా. డాక్టరనుకున్నాను.

మన ఇంట్లో "కాస్త" అంటే ఎంతో, "కొంచెం" అంటే ఎంతో నాకు తెలుసు అక్కా. కల్నల్ మాట నమ్మలేదు. నీ మాట నమ్మాను.

నాన్నప్పుడు తీరిగ్గా వెళ్ళాను. అమ్మ దగ్గరికైనా వేళకి వెళ్ళాలనుకున్నాను. తుపాకులు చేతిలో లేకపోతే మావాళ్ళని పట్టుకుంటారు గానీ చంపరని నాకు నేనే చెప్పుకున్నాను. పంతొమ్మిదిమంది పోయారు. పెద్దాయన గరిటె పట్టుకునే పోయాడు. అంతకు ముందే "మేజర్ బాబూ, ఇవాళైనా వేడిగా తినండి" అన్నాడు.

నల్లసిరా కింద ఏముందో ఇప్పుడు చెబుతాను. ఇంటికి పారిపోబోయిన ఒకణ్ణి ఆ సోమవారం గోడ దగ్గర నిలబెట్టారు. కాల్చమని చెప్పాల్సింది నేను, చెప్పాను. వాడు చివర్లో తన ఊరి బస్సు ఎన్నింటికి అని అడిగాడు. ఆరోజు నుంచి ఆ వంతెన మీద నిలబడాలంటే నాకు అసహ్యం. కాబట్టి అమ్మ కోసమే గేటు తీశానా, తియ్యడానికి ఒక సాకు కోసం కాచుకుని కూర్చున్నానా? రోజూ అడుగుతున్నాను, రోజుకో జవాబు వస్తోంది.

ఇక్కడ నన్ను పొగుడుతున్నారు, తలుపు దగ్గర మాత్రం ఇద్దరు సిపాయిల్ని పెట్టారు. గౌరవం కోసమట.

చిట్టి


స్టూడియో మేడ
ఏప్రిల్, మర్నాడే

ఒరేయ్,

నీ నెత్తిన బండ పడ! రెండు తుమ్ములు అని అంకెతో సహా రాశాను కదరా! చచ్చిపోతున్నవాళ్ళ తుమ్ములు ఎవరైనా లెక్కపెడతారా? ఆ ఒక్క మాట నీ కంటికి ఆనలేదా?

తిట్టాను. ఇప్పుడు నా వంతు విను. నా ఎదురుగా కూర్చున్నది డాక్టరు కాదు, ఆ కల్నలే. "మీ అమ్మగారికి ప్రమాదంగా ఉందని రాయండి" అని పెన్ను నా చేతిలో పెట్టాడు. కార్డు రద్దు చేస్తానన్నాడు, స్టూడియో మూయిస్తానన్నాడు. నేను రాయనన్నాను. నీకు అబద్ధం రాయకూడదని పట్టుబట్టి, ఉన్న జలుబుని ఉన్నంతే రాశాను. చదివి నవ్వి, తనే సంచిలో వేయించాడు. నలత, నీరసం అన్న నీ ఉత్తరం వాడు ముందే చదివి ఉంటాడని అప్పుడు నాకు తట్టలేదు. పోనీలే, గెలిచాను అనుకుని ఆ రోజు హాయిగా నిద్రపోయాను కూడా. వాడు చెప్పినట్టే రాసుంటే నువ్వు నమ్మేవాడివి కాదు. ఆ పంతొమ్మిదిమందీ బతికుండేవాళ్ళు. నిజం రాసి చంపానా నేను? ఎవరికి చెప్పుకోను ఇది?

ఇకమీదట ఉన్నది ఉన్నట్టు రాసుకుందాం. జ్వరమైతే జ్వరం, చావైతే చావు. అమ్మ మీద ఒట్టు. అమ్మకి మాత్రం ఇంకా ఏమీ చెప్పలేదు. నీకు బదిలీ అయిందని చెప్పాను. చూశావా, ఒట్టు పెట్టిన నోటితోనే.

అక్క


ఆవలి వైపు, పాత బడి, మూడో తరగతి గది
మే, బుధవారం

అక్కా,

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. నేను మళ్ళీ ఇటు వచ్చేశాను. ఇప్పుడు సంచులు మార్చుకునేది రైలు గేటు దగ్గర. ఇక్కడి మనుషులు నాకు తెలుసు, సంచి నేను పట్టుకెళ్తానని కల్నల్‌ని అడిగాను. ఒప్పుకున్నాడు. పోయిన గురువారం పట్టుకెళ్ళాను, మాస్టారి చేతికిచ్చాను, వెనక్కి రాలేదు. మాస్టారు నన్ను చూసి ముందు రసీదు మీద సంతకం పెట్టాడు, తర్వాత నా చేతులు కట్టమన్నాడు.

ఎందుకు వచ్చావంటే సరిగ్గా చెప్పలేను. అక్కడ నా ఫోటో కింద నిలబడి జనం కబుర్లు చెప్పుకుంటున్నారు. నాకది భరించడం కష్టమైంది. పెద్దాయన కొడుకు ఇక్కడే కాపలా ఉంటున్నాడు. నాకు నీళ్ళు తెచ్చేది అతనే. నా మొహం చూడడు.

వచ్చే వారం శుక్రవారం విచారణ. ముందుగా కమిటీవాళ్ళు అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎవరూ నమ్మలేదు. "జలుబు కోసం వంతెన ఇచ్చావా? ఏ పదవి ఇస్తామన్నారో చెప్పు" అన్నారు. నీ ఉత్తరం నా జేబులోనే ఉంది, తీసి చూపించాను. మాస్టారు పైకి చదివాడు. "ఇందులో మీ అమ్మ బాగుందనే కదా ఉంది?" అన్నాడు. గదంతా నవ్వారు. నాకున్న ఒక్క సాక్ష్యం నాకే ఎదురు తిరిగింది.

మన ఇంటి పద్ధతి ఏమిటో అమ్మ తన చేత్తో రాసి ఇస్తే నమ్ముతారేమో. శిక్ష తప్పుతుందని కాదు, తగ్గవచ్చు. కానీ అలా రాయాలంటే అమ్మకి అంతా చెప్పాలి. నువ్వే ఆలోచించు. వద్దనిపిస్తే వద్దు, నేనేమీ అనుకోను.

చిట్టి


స్టూడియో మేడ
మే, తరువాతి బుధవారం

చిట్టీ,

చెప్పేశాను.

మూడు రోజులు నాలో నేను కొట్టుకున్నాను. చెబితే అమ్మ ఏమైపోతుందో, చెప్పకపోతే నువ్వేమవుతావో. చివరికి అమ్మ కూరగాయలు తరుగుతుంటే ఎదురుగా కూర్చుని మొదలుపెట్టాను, మధ్యలో ఆపకుండా చెప్పేశాను. కత్తిపీట పక్కన పెట్టింది. తరిగిన ముక్కలన్నీ గిన్నెలోకి ఎత్తింది. "బదిలీ అన్నప్పుడే అనుకున్నానే. బదిలీ అయినవాడు బూట్లు విప్పకుండా పోతాడా?" అంది. తర్వాత "పెన్ను ఇలా ఇయ్యి" అంది.

రాసింది నీకు కూడా తెలియాలని ఇక్కడ దింపుతున్నాను. "అయ్యా మాస్టారు గారూ, మా ఆయన చనిపోతే నా కొడుక్కి నలత అని రాశాను. మా అక్క చనిపోతే నీరసం అని రాశాను. వాడు ఏడుస్తాడని అలా చేశాను. కొంచెం అంటే చావు అని వాడికి నేర్పింది నేనే. ఈసారి నాకు వచ్చింది జలుబే. వాడు చేసింది తప్పు. ఆ తప్పుకి మొదలు నా దగ్గరుంది. మీరు ఎవరికి శిక్ష వేసినా ఈ మాట చూసి వెయ్యండి. ఆ పంతొమ్మిదిమంది తల్లులకీ మీరు ఏమని రాశారు? పోయారనే రాశారా?"

చివరి వాక్యం కొట్టేద్దామమ్మా, మాస్టారికి కోపమొస్తుంది అన్నాను. "ఇన్నాళ్ళూ కొట్టేసే కదే ఇంతదాకా తెచ్చాం" అంది. అలాగే ఉంచాను. ఆ కాగితం దీంతోపాటే వస్తోంది. మా గేటు దగ్గర ఎవరూ చింపకుండా ఉంటే చాలు.

అక్క


పాత బడి
మే, శనివారం

అక్కా,

అమ్మ కాగితం చేరింది. మాస్టారు విచారణలో పైకి చదవడం మొదలుపెట్టి, సగంలో ఆపి, మిగతాది మనసులో చదువుకున్నాడు. రెండోసారి కూడా చదివాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అందరూ నమ్మారు అక్కా. ఈసారి ఎవరూ నవ్వలేదు. తర్వాత తీర్పు చెప్పాడు.

పెద్దాయన కొడుకు ఇవాళ నీళ్ళు తెచ్చి, నేను తాగేదాకా నిలబడి చెంబు తీసుకెళ్ళాడు. అచ్చం వాళ్ళ నాన్నలాగే.

ఈ గదిలో చలిగా ఉంటోంది. నాకు కొంచెం జలుబు చేసింది. కంగారు పడొద్దని అమ్మకి చెప్పు.

చిట్టి


ఈవలి వైపు, రైలు గేటు దగ్గర
మే, గురువారం మధ్యాహ్నం

చిట్టీ,

నీ ఉత్తరం ఇందాక అందింది. మా సంచి ఇంకా కదల్లేదట. గేటు దగ్గరే నిలబడి రాస్తున్నాను, అక్షరాలు గజిబిజిగా ఉంటే తిట్టుకోకు.

తీర్పు చెప్పాడన్నావు, ఏమని చెప్పాడో రాయలేదు. నీ ఉత్తరం ముందుకీ వెనక్కీ తిప్పి చూశాను. వెలుతురుకి పెట్టి చూశాను, నెగెటివ్ చూసినట్టు. ఏమీ కనబడలేదు. మే నెలలో చలేమిటిరా? ఒట్టు పెట్టుకున్నాం కదా, కాబట్టి అది జలుబే అనుకుంటున్నాను. పాత బడి గోడలు నెమ్ముకి చల్లగానే ఉంటాయేమో. అనుకోవడానికి నాకేం ఇబ్బంది లేదు.

అమ్మకి చదివి వినిపించాను. "జలుబేలే" అంది. ఉన్ని మఫ్లరు తీసి మడతపెట్టింది, ఈ సంచిలోనే పంపుతున్నాను, మెడకి చుట్టుకో. నేను చెప్పులేసుకుంటుంటే వెనక నుంచి, "వాడి ఫోటో ఒకటి ఉందా నీ దగ్గర? దిద్దనిది. కంటి కింద నలుపు అలాగే ఉన్నది" అని అడిగింది. ఎందుకమ్మా అని నేను అడగలేదు. ఉంది అన్నాను.

నాకేమీ అర్థం కావడం లేదు. సంచి కట్టేస్తున్నారు. నువ్వు వెంటనే జవాబు రాయి. పెద్దగా ఏం అక్కర్లేదు, ఒక్క ముక్క చాలు.

ఎన్ని తుమ్ములో రాయి.

అక్క